పప్పు పలచన చేయకండి: తక్కువ ఖర్చు తిండిపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రొయ్యల చెరువుల మీద పని తగ్గి మా ఆయన సంపాదన సగమైంది. మేమిద్దరం, బడికెళ్లే పిల్లలిద్దరు. బియ్యం కార్డు ఉంది. పప్పు, గుడ్లు, పాలు – వీటిలో ఏది తగ్గించుకోమంటారు?
– ఒక ఇల్లాలు, కావలి

జవాబు: పప్పు తగ్గించే జోలికి మాత్రం పోవద్దమ్మా. చేతిలో డబ్బు ఆడనప్పుడు చాలా ఇళ్లలో మొదట పలచబడేది అదే. ముద్దపప్పు పప్పుచారవుతుంది, పప్పుచారు ఉత్త చారవుతుంది. అన్నం మాత్రం తగ్గదు. కడుపు నిండినట్టే ఉంటుంది గానీ ఎదిగే పిల్లలకు మాంసకృత్తులు అందవు.

ఏది చవకో కిలో ధర చూసి తేల్చవద్దు. కిలో కందిపప్పులో దాదాపు 220 గ్రాముల మాంసకృత్తులుంటాయి, ఒక గుడ్డులో 6 గ్రాములకు కాస్త పైన. అంటే కిలో కందిపప్పు సుమారు 35 గుడ్లకు సమానం. కిలో వేరుశనగ గింజలు 40 గుడ్లకు, లీటరు పాలు 5 గుడ్లకు. మీ అంగడి ధరలతో ఈ లెక్క వేసి చూడండి, తగ్గించాల్సింది పాలేనని తెలిసిపోతుంది. గుడ్డు, పాలలోని మాంసకృత్తులు ఒంటికి ఇంకాస్త బాగా పడతాయి, నిజమే. అయితే మాంసకృత్తుల్లో భాగమైన లైసిన్ బియ్యంలో కొరవడుతుంది, పప్పులో దండిగా ఉంటుంది, పప్పులో కొరవడింది బియ్యంలో ఉంటుంది. అందుకే ఏ రోజుకారోజు రెండూ తినాలి.

నెల సరుకు ఇలా వేసుకోండి. కార్డు మీద మనిషికి 5 కిలోల చొప్పున 20 కిలోల బియ్యం ఉచితం. కొనాల్సినవి ఇంకో 15 కిలోల బియ్యం, 10 కిలోల సజ్జలో జొన్నలో. కందిపప్పు 2 కిలోలు, శనగపప్పు కిలో, అలసందలు గానీ ఉలవలు గానీ కిలో, వేరుశనగ గింజలు కిలో. ఈ 5 కిలోల కంటే కిందికి దిగవద్దు. మీల్ మేకర్ అరకిలో, గుడ్లు 30, నూనె 2 లీటర్లు. పాలు రోజుకు పావు లీటరు తోడుకు సరిపోతాయి. పిల్లలకు బడి భోజనంలో గుడ్డు వస్తుంది కాబట్టి ఇంటి గుడ్లు సెలవు రోజులకూ మీ ఇద్దరికీ ఉంచుకోండి. పిల్లలకు పెట్టి తల్లి మానుకోవడం మన ఇళ్లలో మామూలైపోయింది, అది సరికాదు.

మీల్ మేకర్ వాసనొస్తుందని పిల్లలు తినకపోతే, ఉప్పు వేసిన వేడినీళ్లలో 10 నిమిషాలుంచి గట్టిగా పిండండి. చన్నీళ్లు పోసి మరోసారి పిండాకే కూరలో వేయండి.

కొత్త కందులు, శనగలు మార్కెట్‌కు వచ్చే చలికాలం చివర్లో గింజగానే కొని పెట్టుకుంటే కలిసొస్తుంది. రెండెండలు బాగా ఎండబెట్టి, చల్లారాక కిలోకు చిన్న చెంచాడు ఆముదం పట్టించి మూత బిగించండి. నూనె పొర ఉన్న గింజ మీద పురుగు పెట్టిన గుడ్లు పిల్లలు కావు గనుక పురుగు పట్టదు. వేడి మీదే డబ్బాలో పోస్తే మాత్రం లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది.

ప్రశ్న: ఎన్ని విజిళ్లు వచ్చినా కందిపప్పు ఉడకదు. గ్యాస్ అయిపోతోంది. సోడా వేయవచ్చా?
– పాఠకురాలు, కనిగిరి

జవాబు: సోడా వేస్తే మెత్తబడుతుంది గానీ పప్పులోని బి1 విటమిన్ పోతుంది. మీ దగ్గర తేడా నీళ్లలోనే ఉండవచ్చు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గింజను మెత్తబడనివ్వవు. చింతపండు, టమాటా ముందే వేసినా ఇంతే. లీటరు నీళ్లలో చెంచాడు ఉప్పు కలిపి పప్పును గంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. తర్వాత గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల క్యాన్ నీళ్లు, చెంచాడు నూనె వేసి మూడు విజిళ్లు రానివ్వండి. మంట తగ్గించి 5 నిమిషాలుంచి ఆపేయండి. ఆవిరి దానంతటదే దిగే పావుగంటలో పప్పు ఉడుకుతూనే ఉంటుంది, తొందరపడి విజిల్ ఎత్తితే ఆ లాభం పోతుంది. ఇంత చేసినా ఉడకకపోతే అది పాత పప్పు, అంగడి మార్చండి.

ఇంకో ముఖ్యమైన మాట. మీ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మరిగిస్తే అది పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. శుద్ధి చేసిన నీళ్లు తాగడానికే కాదు, అన్నం పప్పులకూ వాడండి.

ప్రశ్న: బలమని వారానికి రెండుసార్లు ఉలవచారు కాస్తున్నాం. ఉడికిన ఉలవలు గేదెకు పెడుతున్నాం. సరేనా?
– ఒంగోలు

జవాబు: బలమంతా గేదెకే పోతోంది. మాంసకృత్తులు చాలావరకు గింజలోనే ఉండిపోతాయి, కట్టులోకి దిగేది కొంచెమే. నలుగురికి పావుకిలో ఉలవలు రాత్రంతా నానబెట్టి, కుక్కర్లో ఏడెనిమిది విజిళ్లు రానివ్వండి. సగం గింజలు మెత్తగా రుబ్బి చారులోనే కలపండి, చిక్కదనం కూడా వస్తుంది. మిగతా సగం ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలతో తాలింపు పెడితే సాయంత్రానికి గుగ్గిళ్లు. బిస్కెట్ల ఖర్చు తప్పుతుంది.

ప్రశ్న: రోజూ ఆకుకూర పెట్టినా అమ్మాయికి రక్తం తక్కువే అంటున్నారు.
– గూడూరు

జవాబు: ఆకుల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పులుపు తోడైతే బాగా పడుతుంది. నిమ్మకాయల మార్కెట్ మీ ఊళ్లోనే ఉంది కదా, పొయ్యి దించాక కూరలో అరచెక్క పిండండి. ఉడికేటప్పుడు పిండితే సి విటమిన్ పోతుంది. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ ఇవ్వకండి. రక్తం తక్కువని తేలింది కాబట్టి తిండితోనే సరిపెట్టకుండా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి ఐరన్ మాత్రలు కూడా వాడించండి.

ప్రశ్న: చేపలు కొనలేకపోతున్నాం. ఎండు చేపలు మంచివేనా?
– నెల్లూరు

జవాబు: ఎండు నెత్తళ్లు చాలా మంచివి. ముల్లుతో సహా తింటాం గనుక కాల్షియం కూడా అందుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, పచ్చి చేపల ధర పెరుగుతుంది. ఏప్రిల్ మొదట్లోనే కొని పెట్టుకోండి. గులాబీ రంగు మచ్చలున్నవీ, చేతికి జిగటగా తగిలేవీ వద్దు. తలలు తుంచితే ఇసుక చాలావరకు పోతుంది. గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి రెండుసార్లు కడిగితే ఉప్పు తగ్గుతుంది, కూరలో మళ్లీ ఉప్పు రుచి చూశాకే వేయండి. బీపీ ఉన్నవాళ్లకు ఇవి వద్దు.

పచ్చివి కావాలంటే వంజరం, చందువల వైపు చూడకండి. కవళ్లు, కానాగంతలు చాలా చవక, పోషణలో వాటికేమీ తీసిపోవు. అయితే ఐసు మీద ఉన్నవే కొనండి. ఈ జాతి చేపలు ఎండలో పడి ఉంటే హిస్టమిన్ అనే హానికర పదార్థం పుట్టి, తిన్న కాసేపటికే ఒళ్లు ఎర్రబడి దురద పెడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. మధ్యాహ్నం దాటాక గంపలో ఐసు లేకుండా మిగిలినవి సగం ధరకిచ్చినా తీసుకోవద్దు.