మిషన్‌కు వెళ్లే అబ్బాయికి ఏం నేర్పాలి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మోర్మన్ చర్చి తరఫున మా అబ్బాయి రెండేళ్ల మతప్రచార సేవకు (మిషన్) ఫిలిప్పీన్స్ వెళ్తున్నాడు. అక్కడ రోజు ఎలా గడుస్తుంది? ఇక్కడ ఏం నేర్పి పంపాలి?

జవాబు: ముందు బట్టలు ఉతకడం నేర్పండి. తెల్ల చొక్కా, టై, నల్ల నేమ్‌ప్లేట్‌తో ఉక్కపోతలో తిరగాలి. మొదట పాడయ్యేది కాలరే. తడిపి, సబ్బు రుద్ది, 10 నిమిషాలు ఆగి ఉతకాలి. బ్లీచ్ వద్దు, చెమట మరకలు ఇంకా పసుపెక్కుతాయి.

సాధారణంగా ఉదయం 6.30కి లేస్తారు. వ్యాయామం, గ్రంథ పఠనం, భాషాభ్యాసం అయ్యాక రాత్రిదాకా తిరుగుడే. 10.30కి పడక. జీతం ఉండదు. ఎక్కడికైనా తోటి మిషనరీతో జోడీగానే వెళ్లాలి. జోడీని ఎంచుకునేది వీళ్లు కాదు, పైవాళ్లు మారుస్తూంటారు. ఎవరితోనైనా సర్దుకోవడం వంటకన్నా కష్టం.

ఉతుకుడు, సరుకులు, ఇంటికి ఫోను, అన్నీ వారానికొక సెలవు రోజునే. 2019కి ముందు ఏడాదికి రెండుసార్లే మాట్లాడనిచ్చేవారు. మధ్యలో ఫోను రాకపోతే కంగారుపడకండి.

మీ చర్చి నియమం ప్రకారం టీ, కాఫీ ఎలాగూ ముట్టడు, బెంగంతా గోంగూర మీదే! నూనె కారే పచ్చడి సీసాకన్నా కందిపొడి మేలు. అదీ కారం తగ్గించి కొట్టండి, జోడీవాడూ తింటాడు.