స్లో కుక్కర్‌లో వండిన రాజ్మా.. పాపకు ఆ మాత్ర ఎందుకిచ్చారు?

ప్రశ్న: రాత్రంతా నానబెట్టిన రాజ్మాను అదే నీళ్లతో స్లో కుక్కర్‌లో పెట్టాను. గింజలు మెత్తబడ్డాయి. తిన్న రెండు గంటలకే నాకు, ఆరేళ్ల మనవరాలికి వాంతులు, మోషన్స్. ఇంట్లో ఉన్న మోషన్స్ ఆగే మాత్ర నేను వేసుకుని, పాపకు సగం నూరి తేనెలో ఇచ్చాను. సాయంత్రానికి ఇద్దరికీ తగ్గింది. రాజ్మాలో విషం ఉంటుందట, నిజమేనా? సోడా వేస్తే పోతుందా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అమ్మా, సోడా సంగతి తర్వాత. ఆ సగం మాత్ర నన్ను కంగారు పెట్టింది. అది లోపెరమైడ్ అయి ఉండొచ్చు. డాక్టర్ చెప్పకుండా చిన్నపిల్లలకు ఇవ్వకూడని మందు అది. పేగుల కదలికను ఆపేస్తుంది, పొట్ట ఉబ్బొచ్చు, పిల్ల మగతగా పడిపోవచ్చు. పెద్దల డోసును సగం చేస్తే పిల్లల డోసు అయిపోదు. యాంటీబయాటిక్ వేయలేదు, మంచి పని చేశారు. రాజ్మా విషం మీద అది పనిచేయదు. పాప ఇప్పుడు హుషారుగా ఉంటే భయం లేదు. పొట్ట ఉబ్బరంగా ఉన్నా, మలబద్ధకం ఉన్నా పిల్లల డాక్టర్‌కు చూపించి, ఏ మాత్ర ఇచ్చారో చెప్పండి.

మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన తీరు రాజ్మా వైపే చూపిస్తోంది. ఈ గింజల్లో లెక్టిన్ అనే పదార్థం ఎక్కువ, మీరు విన్న విషం అదే. సరిగా ఉడకనివి నాలుగైదు గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు మొదలవుతాయి. చాలామందికి కొన్ని గంటల్లో వాటంతటవే తగ్గుతాయి. మీకు తగ్గించింది మాత్ర కాకపోవచ్చు.

గింజ వేళ్ల మధ్య నలిగినంత మాత్రాన విషం పోయినట్టు కాదు. స్లో కుక్కర్‌లో నీళ్లు మరగకపోవచ్చు. 80 డిగ్రీల దగ్గరే ఉండిపోతే పచ్చి గింజల కన్నా విషం ఎక్కువ కావచ్చు కూడా. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. కొత్త నీళ్లు పోసి తెర్లేలా అరగంట మరిగించండి, లేదా ప్రెషర్ కుక్కర్‌లో బాగా ఉడికించండి. ఆ తర్వాత స్లో కుక్కర్‌లో పెట్టుకున్నా ఫరవాలేదు. సోడా గింజను మెత్తబరుస్తుందంతే, మరిగించడానికి బదులు కాదు. మధ్యలో ఉడికిందో లేదోనని గింజ నోట్లో వేసుకోవద్దు. పెసల మాదిరిగా రాజ్మా మొలకలు పచ్చిగా తినొద్దు. ఎండు చిక్కుడు గింజల్నీ ఇలాగే ఉడికించండి.

మళ్లీ ఎప్పుడైనా ఇలా అయితే ముందు ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి, పాపకు చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. వాంతులు ఆగకపోయినా, మలంలో రక్తం కనిపించినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, పిల్ల లేపినా లేవనంత మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లండి. సాయంత్రం దాకా ఆగొద్దు. మీరు బీపీకో షుగర్‌కో మందులు వాడుతుంటే, వాంతులు, మోషన్స్ అవుతున్నప్పుడు తర్వాతి డోసు వేసుకునే ముందు మీ డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి.