హెచ్‌ఐవీ ప్రాజెక్టులో మొదటి ఉద్యోగం: అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చాలా ఏళ్లుగా చెన్నై విల్లివాక్కంలో ఉంటున్నాం. మా అమ్మాయి ఎంఎస్సీ మైక్రోబయాలజీ పూర్తిచేసి, ఇక్కడే ఒక హెచ్‌ఐవీ పరిశోధన ప్రాజెక్టులో రీసెర్చ్ అసిస్టెంట్‌గా ఎంపికైంది. ఏడాది కాంట్రాక్టు. సూదో ఏదో గుచ్చుకుంటే ఎలా, రేపు పెళ్లి సంబంధాల వాళ్లు ఏమంటారు అని మా బెంగ. బీఈడీ చేయమంటే వినడం లేదు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, చేరనివ్వండి. ఎందుకో చెప్తాను. ముందు సూది సంగతి చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్నది అదే.

హెచ్‌ఐవీ ఉన్నవారికి వాడిన సూది పొరపాటున గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యిసార్లకు మూడు. వెంటనే, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు, మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ఆ కాస్త ప్రమాదమూ బాగా తగ్గిపోతుంది. ఇలాంటి చోట పనిచేసేవారికి జాగ్రత్త సామగ్రి, శిక్షణ, ఈ మందులు ఇవ్వాల్సిన బాధ్యత సంస్థదేనని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. చేరేముందు మీ అమ్మాయిని ఒక్క మాట అడగమనండి: సెలవు రోజు ఇలాంటిది జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి, మందులు ఎక్కడ ఉంటాయి? మంచి చోటైతే తడుముకోకుండా చెప్తారు.

ఇక పని విలువ. మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని మొదట బయటపడింది మద్రాసులోనే, 1986లో. మద్రాసు మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ డాక్టర్ సునీతి సోలమన్ దగ్గర మైక్రోబయాలజీ పీజీ చేస్తున్న నిర్మల అనే విద్యార్థిని రక్త నమూనాలు సేకరించి ఇంటి ఫ్రిజ్‌లో దాచింది. ఇక్కడ పరీక్షించే వసతి లేక అవి వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) వెళ్లాయి. అప్పటికే నిర్మలకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. జంకితే వెన్నుతట్టింది భర్తే. సంబంధాల గురించి మీరు అడిగారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

‘మందులు కనిపెట్టేది విదేశాల్లో కదా, ఇక్కడ పరిశోధన ఏముంటుంది’ అని చాలామంది అడుగుతారు. మందు ఉండటం వేరు, డబ్బూ డాక్టర్లూ తక్కువున్న చోట అది మనిషికి అంది పనిచేయడం వేరు. భార్యాభర్తల్లో ఒకరికే హెచ్‌ఐవీ ఉన్న 1,763 జంటలతో తొమ్మిది దేశాల్లో జరిగిన ప్రయోగంలో చెన్నై, పుణె కూడా ఉన్నాయి. రోగికి త్వరగా మందులు మొదలుపెడితే జీవిత భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లో తేలింది. ఆ జంటలు ఏళ్ల తరబడి విడవకుండా వచ్చారంటే, వాళ్లను నమ్మకంగా పలకరించిన సిబ్బంది వల్లే.

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య సంస్థ పరిశోధకులు మరికొందరితో కలిసి చేసింది. మందులు వేసుకోమని ప్రతి వారం సెల్‌ఫోన్‌లో గుర్తుచేస్తే చికిత్స ఫలిస్తుందా అని దక్షిణాదిలో మూడు చోట్ల, 631 మందితో చూశారు. ఎవరికైనా మంచి ఆలోచనే అనిపిస్తుంది. కానీ ఫోన్లు అందుకున్నవారికీ, అందుకోనివారికీ తేడా కనిపించలేదు. 2014లో ఆ మాటే నిజాయితీగా ప్రచురించారు. ఉన్న కొద్దిపాటి డబ్బు ఎక్కడ పెట్టకూడదో తెలియడం కూడా ఫలితమే. మీ అమ్మాయి నేర్చుకోబోయేది ఇలా అడగడం, ఇలా కొలవడం. అది ఏ జబ్బుకైనా పనికొస్తుంది.

పైగా తనకు తమిళమూ తెలుగూ వచ్చు. హెచ్‌ఐవీ చికిత్సకు పేరున్న చెన్నై తాంబరం ఆస్పత్రికి మన నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఎందరో రోగులు వస్తుంటారు. ‘ఈ ప్రయోగంలో ఏ మందు వస్తుందో మేమే ఎంచుకోం, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు, అయినా మీ వైద్యం ఆగదు’ అని సంతకానికి ముందు వాళ్లకు అర్థమయ్యే తెలుగులో చెప్పగలగడం చిన్న నైపుణ్యం కాదు. ఒక మనవి: వచ్చేవారిలో మీ ఊరివాళ్లు, చుట్టాలు కూడా ఉండొచ్చు. ‘ఈరోజు ఎవరొచ్చారు’ అని ఇంట్లో ఎప్పుడూ అడగకండి. రోగి పేరు బయటపెట్టడాన్ని చట్టం ఒప్పుకోదు, అంతకుమించి ఆ మనిషి బతుకు తలకిందులవుతుంది.

నాకున్న అసలు భయం కాంట్రాక్టు గురించే. ఈ రంగంలో జీతం నిధులను బట్టి ఉంటుంది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు దక్షిణాఫ్రికాలో ప్రయోగాలు మధ్యలో నిలిచిపోయాయి. అందుకే డబ్బు ఎవరిస్తున్నారు, ఎప్పటివరకు అన్నది ఆఫర్ లెటర్ తీసుకునే రోజే అడగాలి. అక్కడ ఉన్నంతకాలం గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (మనుషుల మీద చేసే వైద్య ప్రయోగాల నియమాలు) సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, సాయంత్రాలు స్టాటిస్టిక్స్ నేర్చుకోవాలి. ల్యాబే ఇష్టమైతే జాతీయ అర్హత పరీక్ష నెట్ రాసి, చేట్‌పట్‌లోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ లాంటి చోట పీహెచ్‌డీకి ప్రయత్నించాలి. క్షయ, హెచ్‌ఐవీ కలిసి వచ్చే రోగుల మీద అక్కడ ఎన్నో ఏళ్లుగా పని జరుగుతోంది. లెక్కల మీద మనసుపడితే వేలూరు సీఎంసీలో బయోస్టాటిస్టిక్స్ (వైద్య గణాంకాల) కోర్సు ఉంది. పరిశ్రమ వైపు చూస్తే, ఆర్నెల్లకోసారి ఇంజెక్షన్‌గా ఇస్తే హెచ్‌ఐవీ సోకకుండా కాపాడే లెనకపవిర్ అనే మందును చవకగా తయారుచేసే లైసెన్సు పొందిన వాటిలో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి.

బీఈడీ రెండేళ్ల తర్వాతైనా చేయొచ్చు. కాంట్రాక్టు ముగిసే తేదీ ఇంట్లో క్యాలెండర్ మీద రాసిపెట్టండి. దానికి నాలుగు నెలల ముందే తర్వాతి చోటికి దరఖాస్తులు వెళ్లిపోవాలి.