'టేక్స్ నో ప్రిజనర్స్' అంటే పొగడ్తా, బెదిరింపా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌లో పనిచేస్తున్నాను. మాకు కొత్త మేనేజర్ వస్తున్నారు. ఆయన్ని పరిచయం చేస్తూ వచ్చిన మెయిల్‌లో 'హి టేక్స్ నో ప్రిజనర్స్' అని రాశారు. అప్పటినుంచి అందరికీ టెన్షన్. ఇది మెచ్చుకోలా, హెచ్చరికా? నా అప్రైజల్ ఫారంలో నా గురించి నేను ఇలా రాసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: కంగారుపడకండమ్మా. మెయిల్ రాసినవారు ఆయన్ని మెచ్చుకున్నారు. పని దగ్గర రాజీపడరు, మొహమాటానికి లొంగరు, అనుకున్నది అయ్యేదాకా ఎవరు నొచ్చుకున్నా ఆగరు అని వారి ఉద్దేశం.

డిగ్రీ క్లాసులో ఈ మాటకు అర్థం అడిగితే చాలామంది పిల్లలు 'ఎవరినీ జైల్లో పెట్టడు, దయగలవాడు' అనేవారు. అసలు సంగతి దానికి పూర్తిగా వ్యతిరేకం. యుద్ధంలో ఓడినవాడు ఆయుధం కింద పెట్టి చేతులెత్తితే అతన్ని బందీగా తీసుకోవాలి. బందీలు వద్దు అని సేనాని అన్నాడంటే, లొంగినవాళ్ళను కూడా అక్కడే చంపేయమని. 1900 జులై 27న బ్రెమర్‌హావెన్ రేవులో, చైనాలో బాక్సర్ తిరుగుబాటును అణచడానికి వెళ్తున్న సైనికులతో జర్మనీ చక్రవర్తి రెండవ విల్హెల్మ్ సరిగ్గా ఇదే చెప్పాడు: క్షమించేది లేదు, బందీలను తీసుకునేది లేదు. పైగా హూణుల్లాగా పేరు తెచ్చుకోమన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు జర్మన్లను 'హన్' (హూణుడు) అని తిట్టడం వెనక ఆ ప్రసంగమే ఉంది. అలాంటి ప్రకటన చేయకూడదని అంతకు ముందు ఏడాదే, 1899లో, హేగ్‌లో దేశాలు రాసుకున్నాయి. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పాటుచేసిన 1998 నాటి రోమ్ శాసనం దాన్ని యుద్ధ నేరాల్లో చేర్చింది.

మన సైన్యం 1971 డిసెంబర్ 16న ఢాకాలో ఏం చేసిందో గుర్తు చేసుకోండి. పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది; పౌరులతో కలిపి సుమారు 93,000 మంది మన అధీనంలోకి వచ్చారు. వాళ్ళను శిబిరాల్లో ఉంచి, తర్వాత వాళ్ళ దేశానికి పంపించాం. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. అందుకే ఈ ఇంగ్లీషు మాటను ఎక్కడపడితే అక్కడ వాడటం నాకు నచ్చదు.

ఆటల్లో వాడండి, చక్కగా అతుకుతుంది. 2008లో చెన్నై టెస్టులో దక్షిణాఫ్రికా మీద సెహ్వాగ్ 304 బంతుల్లో 319 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్స్ గురించి 'సెహ్వాగ్ టుక్ నో ప్రిజనర్స్' అంటే ఎవరూ తప్పుపట్టరు. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్, ఎన్నికల చర్చ, ఘాటైన పుస్తక సమీక్ష, వీటికీ సరిపోతుంది. అక్కడ ఎదుటివాళ్ళకూ తిరిగి కొట్టే బలం ఉంటుంది. డాక్టర్ గురించో, చిన్నపిల్లల టీచర్ గురించో అంటే మాత్రం వినేవాళ్ళ గుండె గుభేలుమంటుంది. మేనేజర్ విషయమూ నాకు దాదాపు అలాగే అనిపిస్తుంది. ఆయన కింద పనిచేసేవాళ్ళ జీతం, సెలవు, ప్రమోషన్ ఆయన చేతిలోనే ఉంటాయి. మీ టీమ్ భయపడిందంటే ఆ తప్పు మీది కాదు, మాటను ఎంచుకున్నవారిది.

వ్యాకరణం విషయానికొస్తే పెద్ద చిక్కేమీ లేదు. 'టేక్స్ నో ప్రిజనర్స్', 'డజంట్ టేక్ ప్రిజనర్స్' రెండూ వాడతారు. 'అప్రోచ్', 'యాటిట్యూడ్' లాంటి మాటల ముందు విశేషణంగా వస్తే మధ్యలో హైఫన్లు పెట్టి 'టేక్-నో-ప్రిజనర్స్ అప్రోచ్' అని రాయాలి. నెమ్మదస్తుడని చెప్పడానికి 'హి టేక్స్ ప్రిజనర్స్' అని మాత్రం అనరు.

ఇక మీ ఫారం. ఈ మాట మన గురించి ఇంకొకరు అనాలి గానీ మనమే రాసుకుంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. మీరు చేసిన పనినే రాయండి. రిలీజ్ తేదీ దగ్గరపడిందని ఒత్తిడి వచ్చినా, ఫలానా లోపం సరిచేసేదాకా మీరు ఓకే చెప్పలేదనుకోండి, ఆ లోపం ఏమిటో, దాన్ని ఆపడం వల్ల కస్టమర్‌కు ఏ నష్టం తప్పిందో రెండు వాక్యాల్లో చెప్పండి.