డిఫెన్స్ బిల్లుకు ఓటేసిన మీ కాంగ్రెస్‌మన్‌కు రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

అమెరికాలో మీ కాంగ్రెస్‌మన్, అంటే మీ ప్రాంతం నుంచి దిగువ సభ (హౌస్)కు ఎన్నికైన ఆయన, డిఫెన్స్ బిల్లుకు ఓటేశాడని నీకు కోపం వచ్చిందట, ఆయనకు ఘాటుగా ఈమెయిల్ రాస్తానంటున్నావట. మీ అమ్మ చెప్పింది. తప్పకుండా రాయి. కానీ "యుద్ధాలకు అంత డబ్బెందుకిచ్చారు?" అని మాత్రం మొదలుపెట్టకు. ఎన్‌డీఏఏ, అంటే ఏటా వచ్చే ఈ డిఫెన్స్ బిల్లు, డబ్బివ్వదు. ఏ పనికి ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో, ఏది కూడదో చెబుతుంది. డబ్బిచ్చేది అప్రాప్రియేషన్స్ బిల్లు, అది వేరు. ఈ తేడా తెలియకుండా రాస్తే ఆఫీసులో అందరికీ పంపే అచ్చు జవాబు (ఫారం లెటర్) ఒకటి నీకు పంపేసి ఊరుకుంటారు.

1961 నుంచి ఈ బిల్లు ఏటా చట్టమవుతూనే ఉంది. 2020 డిసెంబరులో ట్రంప్ వీటో చేస్తే ఉభయ సభలూ ఆ వీటోను తోసిపుచ్చాయి. ఎలాగూ పాసవుతుందని తెలుసు కనుక, పండక్కి ఊరెళ్ళే ఆఖరి బస్సులోకి ఎక్కించినట్టు ఎవరి మూట వాళ్ళు ఇందులో ఎక్కిస్తారు. 2024లో మన వాళ్ళంతా తమ ఎల్‌ఎల్‌సీలకు (చిన్న కంపెనీలకు) బీఓఐ రిపోర్టు, అంటే అసలు యజమానులెవరో ప్రభుత్వానికి చెప్పే రిపోర్టు, పెట్టాలని టెన్షన్ పడ్డారు చూడు, ఆ చట్టం వచ్చింది 2021 ఆర్థిక సంవత్సరపు డిఫెన్స్ బిల్లులోనే. 2025 మార్చిలో అమెరికా కంపెనీలకు మినహాయింపు ఇచ్చారనుకో. ఫెడరల్ ఉద్యోగులకు బిడ్డ పుడితే 12 వారాలు జీతంతో సెలవు కూడా 2020 ఆర్థిక సంవత్సరపు బిల్లులోదే.

కాబట్టి "అవును" అన్న ఓటు ఒక్కటే చూసి మనిషిని అంచనా వెయ్యకు. 2025 ఆర్థిక సంవత్సరపు బిల్లు జూనియర్ సైనికుల జీతం 14.5 శాతం పెంచింది. సైనికుల ట్రాన్స్‌జెండర్ పిల్లలకు కొన్ని చికిత్సలు సైనిక ఇన్సూరెన్సులో ఇవ్వకూడదన్న షరతూ అందులోనే ఉంది. దిగువ సభలో ఈ బిల్లు తయారుచేసే హౌస్ ఆర్మ్‌డ్ సర్వీసెస్ కమిటీలో డెమొక్రాట్ల పెద్ద ఆడమ్ స్మిత్ ఆ బిల్లు తయారీలో పాల్గొని కూడా, ఆ షరతు కారణంగా వ్యతిరేకంగా ఓటేశాడు. మీ కాంగ్రెస్‌మన్ ఏం చేశాడు? కాంగ్రెస్ డాట్ గవ్‌లో వెతుకు. ఏ సవరణలు పెట్టాడు, ఎవరి సవరణలకు అడ్డుపడ్డాడు అన్నది చూస్తే మనిషి తెలుస్తాడు.

నేనైతే ఆడిట్ గురించి అడుగుతాను. పెంటగాన్ (రక్షణ శాఖ) మొత్తానికి 2018లో మొదటి ఆడిట్ జరిగింది. అప్పట్నుంచి ఒక్కసారీ పాస్ కాలేదు. 2028 చివరికల్లా క్లీన్ ఆడిట్ రావాలని 2024 ఆర్థిక సంవత్సరపు బిల్లులో గడువు పెట్టారు. ఏటా దాదాపు 900 బిలియన్ డాలర్ల బిల్లుకు సరే అనే మనిషి, ఈ గడువు గురించి నోరు మెదపకపోతే నేను ఊరుకోను. సైనికుల జీతాలు పెంచినందుకు మాత్రం మెచ్చుకోవాలి. ఆ మాట మొదటి వాక్యంలోనే రాయి.

ఉత్తరం పైన నీ ఇంటి అడ్రసు, జిప్ కోడ్ ఉండాలి. వాళ్ళ నియోజకవర్గం కాదంటే ఎవరూ చదవరు. బిల్లులోని ఒకే సెక్షన్, దాని నంబరు, ఒకే ప్రశ్న రాయి. జవాబు రాకపోతే వాషింగ్టన్ ఆఫీసుకు ఫోన్ చేసి, డిఫెన్స్ వ్యవహారాలు చూసే స్టాఫర్‌ను అడుగు.

ఇంకో సంగతి. డిసెంబరులో బిల్లు చివరి ఓటుకు వచ్చేసరికి రెండు సభల కమిటీల పెద్దలు బేరాలన్నీ ముగించేసి ఉంటారు, అప్పుడు నువ్వెంత రాసినా మారేదేమీ ఉండదు. వచ్చే ఏడాదికి ఏదైనా కావాలంటే కమిటీ కూర్చోకముందే, ఏడాది మొదట్లోనే చెప్పాలి. ఇప్పుడు రాసేది నిలదీయడానికి, అప్పుడు రాసేది సాధించుకోవడానికి.

పంపే ముందు నాకొకసారి చూపించు. సెక్షన్ నంబర్లు సరిచూసి ఇస్తాను.

పెదనాన్న