గొంతు జాగ్రత్త, చిట్టీ

చిట్టీ,

టొరంటోలో ఉద్యోగం మానేసి వాంకూవర్ వచ్చి వాయిస్ యాక్టింగ్ చేస్తానన్నావట, రాత్రి మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. దాని ముందు నేనూ నిన్ను తిట్టాననుకో, కానీ ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే నవ్వుకున్నాను, మన ఇంట్లో నా తర్వాత ఇంకో పిచ్చిది తయారైందని.

నీ గొంతు వినిపించే డెమో రికార్డింగ్ నిమిషం దాటనివ్వకు. ముందే డబ్బులడిగేవాడు ఏజెంట్ కాదు, ఏజెంటుకి నీ సంపాదనలో కమీషన్ మాత్రమే. ఇక్కడి నటుల యూనియన్ యూబీసీపీ-ఆక్ట్రా, వాళ్ళ రూల్స్ చదువుకో. టీవీ వేషం ఎంత చిన్నదైనా వదలకు. నేను ఎన్నిసార్లు నర్సునయ్యానో లెక్కలేదు, డైలాగ్ మాత్రం "డాక్టర్ వస్తున్నారు" దాటలేదు.

1996లో అమెరికా టీవీలో వచ్చిన జపాన్ కార్టూన్ డ్రాగన్ బాల్ జీ ఇంగ్లిష్ గొంతులు ఈ ఊరివే, అప్పట్లో ఇక్కడ డబ్బింగ్ పని బాగా ఉండేది. హెడ్‌ఫోన్లో మూడు బీప్‌లు వినిపిస్తాయి, నాలుగోది పడాల్సిన చోట నీ మాట మొదలవ్వాలి. అది వారంలో వచ్చేస్తుంది.

రానిది "ఇక చాలు" అనడం. 1998లో ఒక వీడియో గేమ్‌కి చావు అరుపులు అరిచాను. కొండ మీంచి పడి ఒకటి, మంటల్లో ఒకటి, బాణం తగిలి ఒకటి, దాదాపు మూడు గంటలు. ఇంకోసారి అన్నప్పుడల్లా సరేనన్నాను, నీళ్ళు తాగొస్తాననడానికి కూడా మొహమాటం, మళ్ళీ పిలవరేమోనని. తెల్లారి లేచేసరికి మాట లేదు. స్వరతంత్రులు వాచాయి, రెండు వారాలు గుసగుసగా కూడా మాట్లాడొద్దన్నాడు డాక్టర్. ఆ ఆదివారమే మీ అమ్మమ్మ తెనాలిలో ఎస్టీడీ బూత్ నుంచి చేసింది. మీ పెదనాన్న ఇంట్లో లేరు. హలో, హలో అంటోంది, నేను గోటితో రిసీవర్ మీద టకటకా కొడుతున్నాను. "లైను బాలేదయ్యా, మళ్ళీ కలుపు" అని బూత్ అబ్బాయితో అనడం నాకు వినపడుతూనే ఉంది. మూడుసార్లు చేసింది పాపం, ఐఎస్డీ రేట్లు ఆ రోజుల్లో ఎంతో నీకేం తెలుసు.

1984 నుంచి ట్రాన్స్‌ఫార్మర్స్‌లో రోబోల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌కి గొంతిచ్చిన పీటర్ కలెన్ మాంట్రియల్‌లో పుట్టినవాడే. వియత్నాం యుద్ధం చూసొచ్చిన వాళ్ళన్నయ్య, నిజమైన వీరుడు అరవక్కర్లేదని చెప్పాడట, అందుకే ఆ గొంతు అంత నెమ్మదిగా ఉంటుంది. నేనేమో అరిస్తేనే పని తెలిసినట్టనుకున్నాను.

అరుపులన్నీ సెషన్ చివర్లో పెట్టమని నువ్వే అడుగు, ఏమీ అనుకోరు. అనుకుంటే అనుకోనీ.

కింది గది ఖాళీ చేయించాను, అద్దె మాట ఎత్తావంటే ఊరుకోను. ఆదివారం ఫోన్ చేసి డెమో వినిపించు, ఎంతసేపైనా వింటాను, ఈసారికి నిమిషం దాటినా సరే.

పెద్దమ్మ