పాఠకుల ప్రశ్నలు: ‘డాక్టర్ హూ’ ఇక ముందు ఏమవుతుంది?

‘డాక్టర్ హూ’ బీబీసీ వాళ్ల సైన్స్ ఫిక్షన్ సీరియల్. కాలంలో ప్రయాణించే ‘డాక్టర్’ చావు దగ్గరపడితే కొత్త రూపం ఎత్తుతాడు, అలా ఆ పాత్ర వేసే నటులు మారుతుంటారు. 2025 మే 31న ప్రసారమైన ‘ద రియాలిటీ వార్’ ఎపిసోడ్ ఆఖరి క్షణాల్లో 15వ డాక్టర్ షూటీ గాట్వా స్థానంలో నటి బిల్లీ పైపర్ కనిపించింది. ఆ తర్వాత బెంగళూరు పాఠకుల నుంచి మాకు వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

డిస్నీ ప్లస్ తప్పుకుంది కదండీ, సీరియల్ ఇక రద్దయినట్టేనా? మా ఆఫీసులో అందరూ అలాగే అంటున్నారు.
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

రద్దు కాలేదు. ముందు ఎపిసోడ్ల లెక్క చూడండి. 2022 అక్టోబరులో బీబీసీ, డిస్నీ ప్రకటించిన ఒప్పందం కింద వచ్చినవి మొత్తం 26. 2023లో అరవయ్యేళ్ల పండుగకి 3, ఆ ఏడాది క్రిస్మస్‌కి 1, 2024 సీజన్‌లో 8, ఆ క్రిస్మస్‌కి 1, 2025 సీజన్‌లో 8, అనుబంధ సీరియల్ ‘ద వార్ బిట్వీన్ ద ల్యాండ్ అండ్ ద సీ’కి 5. అనుకున్నవన్నీ తీశారు, ఒప్పందం గడువు తీరింది, దాన్ని పొడిగించలేదు. మధ్యలో ఆపేయడం వేరు, ఇది వేరు. డిస్నీ కొనసాగడం లేదని 2025 అక్టోబరులో చెప్పినప్పుడే, 2005లో సీరియల్‌ని తిరిగి నిలబెట్టిన రచయిత రస్సెల్ టి డేవిస్ రాసే ప్రత్యేక ఎపిసోడ్ 2026 క్రిస్మస్‌కి ఉంటుందని బీబీసీ ప్రకటించింది.

అయినా మీ ఆఫీసువాళ్ల భయం ఉత్తుత్తిది కాదు. దాని వెనక చరిత్ర ఉంది. 1989 డిసెంబరు 6న 26వ సీజన్ ఆఖరి భాగం వేసిన తర్వాత ‘రద్దు చేస్తున్నాం’ అని ఎవరూ గట్టిగా అనలేదు. వచ్చే ఏడాదికి కొత్త ఎపిసోడ్లు అడగలేదు, అంతే. మళ్లీ వారం వారం వచ్చే సీరియల్‌గా చూడటానికి అభిమానులకి 2005 మార్చి 26 దాకా పట్టింది. అంటే ఈ సీరియల్ విషయంలో కంగారు పడాల్సింది చెడు ప్రకటన వచ్చినప్పుడు కాదు, ఏ ప్రకటనా లేకుండా ఏళ్లు గడిచినప్పుడు.

ఇంకా దగ్గరి పోలిక 1996 టీవీ సినిమా. పాల్ మెక్‌గాన్ డాక్టర్‌గా వాంకూవర్‌లో తీశారు. అమెరికాలో ఫాక్స్ చానల్ వేసింది. బ్రిటన్‌లో 90 లక్షల మందికి పైగా చూశారు, కానీ అమెరికాలో ఆదరణ సరిపోలేదు. సీరియల్‌గా సాగించే ఖర్చులో పెద్ద వాటా అక్కడి నుంచే రావాలి కాబట్టి కథ అక్కడితో ఆగిపోయింది. సొంతింట్లో బాగా ఆడినా బయటి భాగస్వామి ‘వద్దు’ అంటే ఆగిపోయిన సందర్భం అది. ఇప్పుడూ అసలు ప్రశ్న డబ్బుదే. బీబీసీ నడవడానికి ఆధారమైన రాయల్ చార్టర్ గడువు 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. ఆ తర్వాత బ్రిటన్‌లో టీవీ చూసేవాళ్లు బీబీసీ కోసం కట్టే లైసెన్సు రుసుము ఏ రూపంలో ఉంటుందో తేలకుండా చాలా ఏళ్లకి సరిపడా పెద్ద ఖర్చుకి సంస్థ మాటివ్వడం కష్టం. మా అంచనా ఏమిటంటే, సీరియల్ వస్తుంది, బయటి భాగస్వామి ఎవరో ఒకరు ఉంటారు, ఎపిసోడ్లు తక్కువగానే ఉంటాయి. 2005లో సీజన్‌కి 13 ఉండేవి. 2014లో 12, 2018లో 10, 2024లో 8 అయ్యాయి. అది మళ్లీ పైకి వెళుతుందని మేం ఆశ పెట్టుకోవడం లేదు.

2027లోనే కొత్త సీజన్ అని ఒకచోట చదివాను. నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, బీటీఎం లేఅవుట్

నమ్మకండి. ఎందుకో పాత తేదీలే చెబుతాయి. 2003 సెప్టెంబరు 26న సీరియల్ తిరిగి వస్తుందని ప్రకటించారు. 2004 జూలైలో కార్డిఫ్‌లో షూటింగ్ మొదలైంది. 2005 మార్చిలో ప్రసారమైంది. మొత్తం 18 నెలలు. డేవిస్ తిరిగి వస్తున్నాడని 2021 సెప్టెంబరు 24న చెప్పారు, మొదటి ఎపిసోడ్ 2023 నవంబరు 25న వచ్చింది. అది 26 నెలలు.

షూటింగ్ నుంచి ప్రసారం దాకా పట్టే కాలం ఇంకా ముఖ్యం. 2004లో అది 8 నెలలే. గాట్వా మొదటి సీజన్‌కి 2022 డిసెంబరులో కెమెరా తిరిగితే 2024 మేలో తెరమీదకి వచ్చింది, అంటే 17 నెలలు. గ్రాఫిక్స్ పని అంతగా పెరిగింది. కాబట్టి ఏ పుకారు చదివినా ఇలా పరీక్షించండి: కొత్త సీజన్ తీస్తున్నామని బీబీసీ స్వయంగా ప్రకటించిందా? ప్రకటిస్తే ఆ తేదీకి 18 నెలలు కలపండి, అంతకంటే ముందు ఆశించకండి. కార్డిఫ్ వీధుల్లో నీలం పోలీసు డబ్బాతో (డాక్టర్ కాలయంత్రం రూపం అదే) షూటింగ్ ఫొటోలు బయటపడ్డాయా? పడితే ఆ నెల నుంచి ఏడాది నుంచి ఏడాదిన్నర లెక్కించండి. ఈ రెండూ లేకుండా ‘లోపలి మనిషి చెప్పాడు’ అనే వార్త వస్తే పక్కన పెట్టేయండి. 2027 మొదట్లో పచ్చజెండా ఊపారనే అనుకుందాం. ఎంత త్వరపడినా 2028 మధ్యకి ముందు సీజన్ రాదు. ప్రత్యేక ఎపిసోడ్ ఒకటి మాత్రం ముందే రావచ్చు. 2009లోనూ, 2016లోనూ సీజన్ లేకుండా ప్రత్యేకాలతోనే ఏడాది గడిపారు.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, ఒక నటుడి పేరు బయటికొస్తే సీజన్ కూడా దగ్గర్లోనే ఉందనుకుంటారు. గాట్వా పేరు ప్రకటించింది 2022 మే 8న. అతను డాక్టర్‌గా కనిపించింది 2023 డిసెంబరు 9న.

బిల్లీ పైపర్ 16వ డాక్టరేనా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

ఎపిసోడ్ చివర పడిన పేర్లు జాగ్రత్తగా చదవండి. మ్యాట్ స్మిత్, పీటర్ కపాల్డి, జోడీ విట్టేకర్ మొదటిసారి కనిపించినప్పుడు ‘పరిచయం’ అన్న మాటతో పాటు ‘డాక్టర్‌గా’ అని కూడా వేశారు. పైపర్‌కి ‘పరిచయం’ అని మాత్రమే వేశారు. ఆ ఒక్క మాట పొరపాటున జారిపోయిందని మేం అనుకోం.

ఆమె 2005లో డాక్టర్‌తో ప్రయాణించే రోజ్ టైలర్‌గా నటించింది. 2013లో యాభయ్యేళ్ల ఎపిసోడ్‌లో మాత్రం ఆమెది రోజ్ పాత్ర కాదు, ‘మూమెంట్’ అనే ఆయుధం ఆ అమ్మాయి రూపంలో మాట్లాడుతుంది. అంటే ఆ ముఖాన్ని వేరే శక్తి అరువు తీసుకోవడం కథలో ఇదివరకే జరిగింది. ఇక పాత ముఖం తిరిగొస్తే కారణం చెప్పడం ఈ సీరియల్‌కి అలవాటే. కపాల్డి 2008లో పాంపే కథలో రోమన్ గృహస్థుగా నటించాడు. డాక్టర్ అయ్యాక ఆ ముఖమే ఎందుకు వచ్చిందో 2015లో వివరించారు. అందుకే ఆమెని 16 అని లెక్కలో రాసుకోకుండా, ప్రశ్నార్థకం పెట్టి ఉంచమని మా సలహా.

డాక్టర్‌కి పన్నెండుసార్లే రూపం మారే వీలుంది అంటారు. మరి ఇంకా ఎలా సాగుతోంది?
– ఒక విద్యార్థిని, కె.ఆర్. పురం

పన్నెండు అన్న హద్దు 1976 కథలో పెట్టారు. పదకొండో డాక్టర్ మ్యాట్ స్మిత్ దగ్గరికే అది ఎలా నిండిందో తెలియక చాలామంది తికమకపడతారు. మొదటి డాక్టర్ నుంచి ఎనిమిదో డాక్టర్ దాకా 7 మార్పులు. ఎనిమిది నుంచి జాన్ హర్ట్ పోషించిన వార్ డాక్టర్‌కి ఒకటి, అక్కడి నుంచి తొమ్మిదికి ఒకటి, తొమ్మిది నుంచి పదికి ఒకటి: మొత్తం 10. 2008లో పదో డాక్టర్ (డేవిడ్ టెనెంట్) ముఖం మారకుండానే ఒకటి వాడేశాడు, అది 11. పది నుంచి స్మిత్‌కి 12. అక్కడితో ఖాతా ఖాళీ. 2013 క్రిస్మస్ ఎపిసోడ్‌లో డాక్టర్ జాతివాళ్లైన టైమ్ లార్డ్స్ కొత్త విడత ఇచ్చారు. 2020 మార్చి 1న వచ్చిన ఎపిసోడ్ డాక్టర్‌కి అంతకుముందే లెక్కలేనన్ని జన్మలున్నాయని తేల్చింది. కాబట్టి ఈ కారణంతో సీరియల్ ఆగదు.

ప్రత్యేక ఎపిసోడ్ బీబీసీలో వేసే సమయాన్ని మన టైముకి ఎలా మార్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, బొమ్మనహళ్లి

క్రిస్మస్‌కి అయితే బ్రిటన్ సమయానికి అయిదున్నర గంటలు కలపండి. 2024 క్రిస్మస్ ఎపిసోడ్ అక్కడ సాయంత్రం 5.10కి మొదలైతే మనకి రాత్రి 10.40. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు వాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుతారు, అప్పుడు కలపాల్సింది నాలుగున్నరే. 2025 సీజన్ ఎపిసోడ్లు అక్కడ శనివారం ఉదయం 8కి విడుదలైతే మనకి మధ్యాహ్నం 12.30 అయింది. వేసవి లెక్కనే డిసెంబరులోనూ వాడితే గంట ముందే టీవీ ముందు కూర్చుంటారు.